ఉప్పల్, నాచారాల్లో ముప్పై ఇళ్ళ దుబ్బ

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసి తెనాలిలో ప్రతి ఒక్కరూ ముందుగా అడిగింది చార్మినార్ గురించి. చూడలేదు. గోల్కొండా చూడలేదు. ముత్యాలు కొనలేదు. పదకొండు రోజులపాటు ఉప్పల్లోనూ నాచారంలోనూ ముప్పై ఇళ్ళ గచ్చులు చూశాను. మంచాల కిందకు దూరి చూశాను. కిటికీ గూళ్ళలో వేలు పెట్టి చూశాను. అలాంటి చోట్లకు ఎవరూ సరదాగా వెళ్ళరు కాబట్టి వెళ్ళినదాన్ని నేనే చెప్పాలి.

నేను ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌ని. ఇరవై రెండేళ్ళుగా పిల్లలు పిపెట్లు పగలగొట్టకుండా చూడటం నా ఉద్యోగం. నాతో చదువుకున్న సుభద్ర హైదరాబాదులో ప్రొఫెసర్ అయింది. రాష్ట్రం ఇంకా ఒక్కటిగానే ఉన్న రోజుల్లో, ఒక వేసవి సెలవుల్లో తను ఫోన్ చేసి, "ఓపిగ్గా తుడిచే మనిషి కావాలే, నువ్వు గుర్తొచ్చావు" అంది. అది పొగడ్తో కాదో తేల్చుకోకుండానే రైలెక్కాను.

పని ఏమిటో సుభద్ర తన గదిలో కూర్చోబెట్టి చెప్పింది. ఇంట్లో దుమ్మును పెద్దవాళ్ళు తొక్కుతారు, పిల్లలు మింగుతారు. పాకే పిల్లలు, కొత్తగా నడిచే పిల్లలు నేలమీద చెయ్యి పెట్టి అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. ఆ దుమ్ములో సీసం లాంటిది ఉంటే నేరుగా ఒంట్లోకి పోతుంది. ఏ ఇంట్లో ఎంత ఉందో, ఏ పిల్లకు ఎంత ప్రమాదమో తేల్చాలి. దానికి నా చేతికి ఒక ప్లాస్టిక్ చట్రం, తడి కాగితాల కట్ట, మూతలున్న గొట్టాలు, నాలుగు పేజీల ఫారాలు ఇచ్చింది. చట్రం నేలమీద పెట్టి, దాని లోపలి మేర తడి కాగితంతో తుడిచి, ఆ కాగితం మడిచి గొట్టంలో వేసి, పైన ఇంటి నంబరు రాయాలి. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు చేయదగిన పనే.

ఉప్పల్: తళతళలాడే గచ్చులు

దారి చూపడానికి సుభద్ర కుదిర్చిన మనిషి యాదమ్మ. యాభై అయిదేళ్ళుంటాయి. నాచారం పాత ఊరి మనిషి. పన్నెండేళ్ళు అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసింది. ఆ చుట్టుపక్కల పిల్లల్లో సగంమందికి ముక్కు తుడిచానని చెప్పుకుంటుంది. ఉప్పల్ చౌరస్తాలో కలిసి, నా సంచీలోకి తొంగి చూసి, "గిన్ని సామాన్లు దేనికి మేడం? దుబ్బే గదా, చీపిరితోని తీస్తే అయిపాయె" అంది.

దుబ్బ అంటే దుమ్మేనని నాకు అప్పుడే తెలిసింది. సీసం గురించి చెప్పబోయాను. "ఇండ్లల్ల సీసాలైతే మస్తుంటయి. సీసమేడికెళ్ళి వస్తది?" అంది. దానికి జవాబు తెలుసుకోవడానికే వచ్చామన్నాను. ఆమెకు నచ్చినట్టు లేదు.

ఆ రోజు ఆరు ఇళ్ళు చూశాం. ముందురోజే యాదమ్మ అందరికీ చెప్పి ఉంచింది, ఆంధ్ర నుంచి మేడం వస్తోంది, ఇల్లు చూస్తుందని. ఆరిళ్ళలోనూ గచ్చు తళతళలాడుతోంది. ఒక ఇంట్లో ఫినాయిల్ వాసనకు నా కళ్ళు మండాయి. మంచం కింద కూడా తడిగుడ్డ పెట్టారు. నేను చట్రం పెట్టి, శుభ్రమైన గచ్చును శుభ్రమైన కాగితంతో శ్రద్ధగా తుడిచి, ఆరు శుభ్రమైన కాగితాలు గొట్టాల్లో వేసుకున్నాను. ప్రతి ఇంట్లోనూ చాయ్ ఇచ్చారు. మా వైపు కాఫీ కావాలా అని అడుగుతారు. ఇక్కడ అడగరు, చేతిలో పెడతారు. సాయంత్రానికి నాకు దక్కినవి ఆరు చాయ్‌లు.

సుభద్రకు ఫోన్ చేసి చెబితే, "రేపట్నించి చెప్పకుండా వెళ్ళండి" అంది.

దాచిపెట్టిన దుబ్బ

చెప్పకుండా వెళ్ళడం ఎలాగో అర్థం కాలేదు. మేము వీధి మలుపు తిరిగేలోపే మాట మమ్మల్ని దాటిపోయింది. ఈసారి మాట ఏమిటంటే, మేడానికి దుబ్బ కావాలట. రెండో రోజు మొదటి ఇంట్లోనే ఒకావిడ సర్ఫు సంచీ నిండా దుమ్ము తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అటకమీద ఎప్పటినుంచో ఉన్నదట. "వట్టిగ పోతదని తీసిపెట్టిన, మేడం" అంది. పక్కింటావిడ రెండు రోజులుగా ఇల్లు ఊకలేదని గర్వంగా చెప్పింది. ఊకడం అంటే ఊడవడం. మొదటిసారి విన్నప్పుడు వరిపొట్టు గురించి అనుకుని ఫారంలో ఆ వివరం కూడా రాశాను, తర్వాత కొట్టేశాను.

ఆ రోజే పిల్లల్ని గమనించే పని కూడా మొదలైంది. ఒక గంట కదలకుండా కూర్చుని, పిల్లవాడి చెయ్యి ఎన్నిసార్లు నోట్లోకి పోయిందో గీతలు గీయాలి. అడ్డుపడకూడదు, పలకరించకూడదు. నాకు దొరికినవాడికి ఏడాదిన్నర. అరగంట గడిచేసరికి ఒక పేజీ గీతలయ్యాయి. తర్వాత వాడు వాకిట్లో చెప్పు దొరకబుచ్చుకుని, పట్టీ చివర నమలసాగాడు. ఇది చెయ్యి కాదు కదా, ఎక్కడ రాయాలా అని ఆలోచిస్తున్నాను. లోపలినుంచి వాళ్ళ నాయనమ్మ పరుగున వచ్చి చెప్పు లాక్కుని నా వైపు చూసింది.

"సూసుకుంట కూసున్నవేందమ్మా?"

"నా పని చూడటమే" అన్నాను.

ఆవిడ పిల్లవాణ్ణి చంకనేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. చాయ్ ఇవ్వలేదు.

మధ్యాహ్నం ఎండకు తట్టుకోలేక రోడ్డు పక్కన తాటి ముంజలు తిన్నాం. తెనాలిలో అయితే ఆ డబ్బుకు రెట్టింపు వస్తాయని అన్నాను. "గట్లయితే ఆన్నే తినుండాలె" అంది ముంజలమ్మే ఆమె, కోపం ఏమాత్రం లేకుండా.

నాచారం: రేణుక ఇల్లు

మూడో రోజు నాచారం. ఫ్యాక్టరీల గోడల పక్కనుంచి నడుస్తూ యాదమ్మ ఒక గేటు దగ్గర ఆగి, "గీ కంపెనీ ఉన్నకాడ మా నాయిన జొన్నలేసేటోడు" అంది. వాచ్‌మన్ మమ్మల్ని అనుమానంగా చూశాడు. ఆమె అతన్ని తన పొలంలోకి చొరబడ్డ మనిషిని చూసినట్టు చూసింది.

ఆ గోడ వెనకాల వరసగా నాలుగు గదులు, నాలుగిళ్ళకూ కలిపి ఒక కుళాయి, అక్కడివాళ్ళ మాటలో నల్లా, ముందు ఒక గేటు. చివరి గదిలో రేణుక ఉంటుంది. ఇరవై నాలుగేళ్ళు. జనగామ వైపు పల్లె నుంచి పెళ్ళయ్యాక వచ్చింది. కూతురు శ్రావణికి రెండున్నరేళ్ళు. భర్త సైలు పాత బ్యాటరీల షెడ్డులో పని చేస్తాడు. ఆటోలవీ లారీలవీ పాడైన బ్యాటరీలు పగలగొట్టి లోపలి పలకలు తీసే షెడ్డు.

నేను ముప్పై ఇళ్ళు చూశాను. రేణుక ఇల్లంత పొందికైన ఇల్లు చూడలేదు. గిన్నెలు పెద్దవాటినుంచి చిన్నవాటిదాకా వరసలో ఉన్నాయి. రోజుకు ఎన్నిసార్లు ఊడుస్తావని ఫారం చూసి అడిగాను.

"మూడుసార్లు ఊకుత మేడం. పొద్దుగాల, పగటీలి, మా ఆయన పనికెళ్ళి వచ్చినంక. పోరి కిందనే ఆడుతది గదా."

ఫారంలో 'చాలా శుభ్రం' అన్న గడిలో టిక్కు పెట్టాను. రేణుక సర్వపిండి పెట్టింది. గిన్నె అడుగున బియ్యప్పిండి అద్ది, వేళ్ళతో గుంటలు చేసి, నూనె వేసి కాల్చిన రొట్టె. పల్లీలు పంటికింద పడుతుంటే బాగుంది. మా వైపు తపాలచెక్క అంటామని చెప్పాను. "పేరెట్లున్నా కడుపుల వడ్డంక ఒక్కటే" అని నవ్వింది. శ్రావణి నా గొట్టాల మూతలు తీస్తూ పెడుతూ కూర్చుంది. పిల్ల ఏమీ మాట్లాడలేదు. ఇంకా మాటలు రాలేదని, వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయని అత్తగారు చెప్పిందని రేణుక అంది.

మేము లేచేవేళకు సైలు వచ్చాడు. సన్నటి మనిషి. చొక్కా ఒకప్పుడు నీలం రంగుది అయి ఉండాలి. గేటు చప్పుడు వినగానే శ్రావణి పరుగెత్తింది. అతను ఎత్తి భుజాన వేసుకుంటే పిల్ల అతని మెడలో మొహం దాచుకుంది. లోపలికి వచ్చి చొక్కా విప్పాడు. రేణుక దాన్ని గుమ్మంలోనే రెండుసార్లు దులిపి మేకుకు తగిలించింది. మేకు కింద పిల్ల పడుకునే బొంత పరిచి ఉంది. ఆ తర్వాత చీపురు తీసి గది ఊడ్చింది.

నేను కెమిస్ట్రీ చెప్పే మనిషిని. ఇదంతా నా ఎదురుగా జరిగింది. చూసి, నమస్కారం పెట్టి వచ్చేశాను.

బంద్ రోజు జొన్నరొట్టె

నాలుగో రోజు ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్. ఉప్పల్లో నేనున్న హాస్టల్ ముందు ఒక్క ఆటో లేదు. యాదమ్మ మనవడు సైకిల్ మీద వచ్చి, నాయనమ్మ భోజనానికి రమ్మంటోందని చెప్పి వెళ్ళిపోయాడు. నడిచి వెళ్ళేసరికి చెమటతో తడిసిపోయాను.

జొన్నరొట్టె, తోటకూర, పచ్చిపులుసు. రొట్టె ఎలా తినాలో తెలియక అప్పడంలా విరిచాను. యాదమ్మ నా కంచంలో దాన్ని తునకలు చేసి కూర కలిపింది. బయట రోడ్డుమీద ఊరేగింపు నినాదాలు వినిపిస్తున్నాయి. నేను ఆంధ్ర నుంచి వచ్చినదాన్ని. ఇబ్బందిగా ఉందా అని యాదమ్మ అడిగింది. లేదన్నాను.

"నువ్వు మా భూమి తీస్కోలే, మా కొలువు తీస్కోలే. మా దుబ్బ తీస్కపోతున్నవు. తీస్కపో చెల్లె" అంది.

అప్పటిదాకా మేడం అనేది. ఆ పూటనుంచి చెల్లెనయ్యాను.

సుభద్ర ఫోన్

ఆరో రోజు పొద్దున సుభద్ర ఫోన్ చేసింది. మొదటి మూడు రోజుల గొట్టాలు తన ల్యాబులో చూసింది. ఫ్యాక్టరీ గోడ పక్క ఇళ్ళలో ఎక్కువ ఉంటుందని మా అందరి అంచనా. అక్కడ కొద్దో గొప్పో ఉంది. సర్ఫు సంచీలో దాచిన దుమ్ములో పెద్దగా ఏమీ లేదు. అన్నిటికంటే ఎక్కువ, మిగతావి దరిదాపుల్లోకి రానంత ఎక్కువ ఉన్నది ఒక్క ఇంట్లో. నంబరు చెప్పింది. నేను ఫారాలు తిరగేశాను. 'చాలా శుభ్రం' అన్న గడిలో నా టిక్కు కనబడింది.

"పొరపాటేమో" అన్నాను.

"రెండుసార్లు చూశాను. వాళ్ళాయన ఏం చేస్తాడు?"

బ్యాటరీల్లోని పలకలు సీసంవి. చెబుతుండగానే చొక్కా, మేకు, బొంత వరసగా గుర్తొచ్చాయి.

"ఆ పాపకు రక్తపరీక్ష చేయించాలి. వాళ్ళకు చెప్పకుండా ఉండటానికి లేదు" అంది సుభద్ర. "నువ్వే వెళ్ళు. ఆ అమ్మాయి చేతి తిండి తిన్నావు."

రేణుక చేతిలో చొక్కా

యాదమ్మా నేనూ వెళ్ళాం. నేను చెప్పిన తీరు బాగాలేదని ముందే ఒప్పుకుంటాను. పరీక్షలో మీ ఇంటి దుమ్ములో సీసం మోతాదు చాలా ఎక్కువ వచ్చింది అని మొదలుపెట్టాను, క్లాసులో చెప్పినట్టు. రేణుక మొహం ఎర్రబడింది.

"నా ఇల్లు గలీజుగుందంటవా మేడం? గీ వాడకట్టుల ఎవరినన్న అడుగు. మూడుసార్లు ఊకుత నేను. గా పక్కింట్ల ఎలుకలు తిరుగుతయి, ఆళ్ళకేం రాలేదా?"

యాదమ్మ నా మోచెయ్యి పట్టి వెనక్కి లాగింది. తను గుమ్మంలో కూర్చుంది.

"ఇను బిడ్డా. నీ ఇల్లు గలీజు గాదు. ఆ షెడ్డుల దుబ్బ ఉంటది గదా, గది సైలు అంగీకంటి, ఎంటికలకంటి ఇంటికొస్తున్నది. నువ్వు అంగీ దులుపుతవు. అది కింద పడతది. పోరి ఆడుకుంట నోట్లె పెట్టుకుంటది. గంతే."

సైలు రెండో చొక్కా మేకుకు ఉంది. రేణుక లేచి వెళ్ళి దాన్ని రెండు వేళ్ళతో తీసింది. ఎక్కడ పెట్టాలో తెలియక గది మధ్యలో అలాగే నిలబడింది. మంచం మీద పెట్టబోయి ఆగింది. గిన్నెల వైపు చూసి ఆగింది. చివరికి బయట నల్లా దగ్గర బకెట్లో వేసి వచ్చి, చెయ్యి కడుక్కుని, మళ్ళీ కడుక్కుంది.

"మరి నేను ఊకుతున్న గదా, పోవాలె గదా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. అబద్ధం చెప్పలేకపోయాను. పొడి చీపురుతో ఊడిస్తే సన్నటి దుమ్ము లేచి మళ్ళీ అక్కడే పడుతుందని, తడిగుడ్డతో తుడవాలని చెప్పాను. రేణుక గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. శ్రావణి ఆమె కొంగు పట్టుకుని ఒళ్ళోకి ఎక్కింది.

"గందుకేనా మాటలొస్తలేవు?"

తెలియదన్నాను. కొందరు పిల్లలకు ఊరికే ఆలస్యం అవుతుంది. సీసం వల్ల కూడా అవుతుంది. రక్తం చూస్తే తప్ప ఏమీ చెప్పలేం. ఇన్నీ చెప్పాను. ఆమె విన్నది సీసం మాట ఒక్కటే అని ఆమె మొహం చూస్తే తెలిసింది.

ఆ సాయంత్రం సైలు వచ్చేసరికి మేం అక్కడే ఉన్నాం. గేటు చప్పుడైంది. శ్రావణి పరుగెత్తింది. రేణుక గుమ్మంలోంచి, "ముట్టకు! పోరిని ముట్టకు!" అని అరిచింది. సైలుకు ఏమీ అర్థం కాలేదు. రెండు చేతులూ పైకెత్తి వెనక్కి నడిచాడు. పిల్ల చేతులు చాపుతూ ముందుకు నడిచింది. "రాకు బిడ్డా, జర ఆగు" అంటూ అతను గేటుదాకా వెళ్ళిపోయాడు. శ్రావణి అక్కడే మట్టిలో కూర్చుని గట్టిగా ఏడ్చింది. నేను వెళ్ళి ఎత్తుకున్నాను. నన్ను తన్నింది.

దవాఖానాలో

మర్నాడు దవాఖానా. సైలు సగం రోజు పని పోగొట్టుకుని వచ్చాడు. సూది చూడగానే శ్రావణి యాదమ్మ చెయ్యి కొరికింది. "పండ్లయితే మంచిగనే ఉన్నయి" అంది యాదమ్మ. డాక్టరు సైలు చిగుళ్ళు చూసి, కడుపునొప్పి ఉందా అని అడిగింది. ఏడాదిగా ఉందట. చాయ్ ఎక్కువై అనుకున్నాడట. అతని రక్తం కూడా తీసుకుంది.

రిపోర్టులు మూడు రోజులకు వచ్చాయి. పాప రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది. ఆసుపత్రిలో చేర్చేంత లేదు. సైలుకు ఇంకా చాలా ఎక్కువ. పాపకు మందుకంటే ముందు ఇంట్లోకి ఆ దుమ్ము రావడం ఆగాలని డాక్టరు చెప్పింది. గుడ్లు, పాలు, ఆకుకూరలు, ఇనుము టానిక్కు రాసింది. రెండు నెలలకు మళ్ళీ చూపించమంది. మాటల సంగతి రేణుక అడిగింది. పాపతో రోజూ మాట్లాడుతూ ఉండమంది, ఇప్పుడే ఏమీ చెప్పలేనంది. ఆ 'ఏమీ చెప్పలేను' అన్నది నేను కూడా చెప్పిందే కాబట్టి రేణుక నా వైపు చూసింది. అప్పటినుంచి నాతో కొంచెం మామూలుగా మాట్లాడింది.

సైలు స్నానం

షెడ్డులోనే స్నానం చేసి బట్టలు మార్చుకుని రావాలని సైలుకు చెప్పాం. అక్కడ నల్లా లేదు. యజమానిని అడిగాడు. ఏమన్నాడని యాదమ్మ అడిగింది.

"నల్లా కావాల్నంటే పోచారం ఆఫీసుల జేరుమన్నడు. ఆడ చెయ్యి పెడితే నీళ్ళొస్తయట" అన్నాడు సైలు, నవ్వకుండా. పోచారంలో ఉన్నవి పెద్ద పెద్ద కంప్యూటర్ కంపెనీల ఆఫీసులు.

షెడ్డు ఎదుట చాయ్ బండి అతను పెద్ద మనసుతో తన నీళ్ళ డ్రమ్ము చూపించాడు. బండి వెనకాల రెండు గోనెసంచులు కట్టి చాటు చేశారు. వచ్చేపోయేవాళ్ళు నవ్వారట. పనిబట్టలు మూటగట్టి అక్కడే వదిలేసి, ఇంటినుంచి తీసుకెళ్ళిన చొక్కా వేసుకోవాలి.

నేను బయల్దేరే ముందు సాయంత్రం వీడ్కోలు చెప్పడానికి వెళ్ళాను. రేణుక గది అంతా తడిగుడ్డతో తుడిచి ఉంది. బొంత ఉతికి ఎండేసింది. సైలు వచ్చాడు. జుట్టు తడిగా ఉంది, గళ్ళ చొక్కా వేసుకున్నాడు. గేటు చప్పుడైంది. శ్రావణి కదల్లేదు. గుమ్మం పక్కన నిలబడి అతన్ని చూస్తోంది. నాలుగు రోజులుగా రాకు రాకు అన్న మనిషి.

"రా బిడ్డా. ఇగో, తానం జేసిన సూడు" అన్నాడు సైలు.

రాలేదు. అతను వాకిట్లో గొంతుకూర్చున్నాడు. చేతులు చాపాడు. పిల్ల వాళ్ళమ్మ వెనక్కి పోయి దాక్కుంది. రేణుక ముందుకు తోయబోతే సైలు వద్దని తల ఊపాడు. అలాగే కూర్చున్నాడు. పక్క గదివాళ్ళు నల్లా దగ్గర బిందె నింపుకుని వెళ్ళారు. ఇంకొకరు వచ్చి నింపుకుని వెళ్ళారు. అతని మోకాళ్ళు నొప్పి పుట్టే ఉంటాయి. చాలాసేపటికి శ్రావణి వచ్చి అతని తడిజుట్టు మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి తీసి నోట్లో పెట్టుకోబోయింది. ముగ్గురం ఒక్కసారి కేక వేశాం. పిల్ల ఉలిక్కిపడి అతని ఒళ్ళో పడింది.

తెనాలిలో

రెండు నెలల తర్వాత యాదమ్మ ఫోన్ చేసింది. పాప రక్తంలో సీసం తగ్గిందట. పూర్తిగా కాదు, కానీ తగ్గింది. నాలుగైదు మాటలు వచ్చాయట. సీసం తగ్గి వచ్చాయో, రేణుక పొద్దస్తమానం మాట్లాడటం వల్ల వచ్చాయో, వాళ్ళ నాన్నలాగా ఆలస్యంగా వచ్చాయో ఎవరూ చెప్పలేరు. సైలు షెడ్డు మానేశాడట. పోచారంలో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు. జీతం తక్కువే. కడుపునొప్పి లేదు. చెయ్యి పెడితే నీళ్ళు రావడం నిజమేనని చెప్పాడట.

సంతోషం అన్నాను. మరి ఆ షెడ్డు ఏమైందని అడిగాను.

"ఏమయితది? సైలు ఇడిసిన తెల్లారే ఇంకొకడొచ్చిండు" అంది యాదమ్మ. "ఇద్దరు పిల్లలు చెల్లె. చిన్నోడు ఇంకా పాకుతున్నడు. ఇల్లు మేడిపల్లిల ఉన్నదట. చాయ్ బండాయన్ని అడిగి గల్లీ గుర్తులు రాపిచ్చుకున్న. రేపు పోతున్న."

"ఏమని చెబుతావు?" అన్నాను.

"మొదాలు ఇల్లు మస్తు సాఫుగున్నదని చెప్త. ఆళ్ళు కూసోమన్నంక మిగిలింది చెప్త."